జైల్లో టీవీ: హక్కా, ప్రోత్సాహకమా, విలాసమా?

జైలు గోడల లోపలి నుంచి ఒక ఫొటో బయటికి వస్తుంది. ఒక ఖైదీ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని ఉంటాడు. చేతిలో కప్పు, వెనుక గోడకు టీవీ. కొన్ని గంటల్లోనే రెండు పక్షాలు తయారవుతాయి. ‘ఇది జైలా, అత్తారిల్లా?’ అని ఒక పక్షం నిలదీస్తే, ‘ఖైదీ మాత్రం మనిషి కాదా?’ అని రెండో పక్షం బదులిస్తుంది. రోజుల తరబడి వాదించినా ఎవరూ ఎవరినీ ఒప్పించలేరు. ఎందుకంటే చూస్తున్న ఫొటో ఒకటే అయినా, మాట్లాడుతున్న విషయాలు వేరు. మొదటి పక్షం మనసులో ఉన్నవి డబ్బుతోనో పలుకుబడితోనో సంపాదించిన రాచమర్యాదలు. రెండో పక్షం మనసులో ఉన్నవి గ్రంథాలయం, ఆటస్థలం, నెలకు నాలుగు ములాఖత్‌లు. ఇవన్నీ ‘విలాసాలు’ అనే ఒక్క మాట కింద చేరిపోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

ఫొటోలో కనిపించని సంగతి ఒకటుంది: ఆ టీవీ ఏ దారిలో ఆ గదిలోకి చేరిందన్నది. ఈ చర్చ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే ప్రశ్న అదే. అయితే దాని దగ్గరికి వెళ్లే ముందు జైలు శిక్ష అంటే ఏమిటో, అందులో శిక్ష ఎక్కడ ఉందో తేల్చుకోవాలి.

శిక్ష ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

న్యాయస్థానం ఒక మనిషికి ఐదేళ్ల కారాగారం విధించిందంటే అతని నుంచి ఏమి తీసుకున్నట్టు? దీనికి రెండు జవాబులున్నాయి. మొదటి జవాబు ప్రకారం తీసుకున్నది స్వేచ్ఛ. తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎవరి పక్కన పడుకోవాలో, పిల్లల్ని ఎప్పుడు చూడాలో అతని చేతిలో ఉండదు. ఆ నష్టమే శిక్ష, దానికి మించి జైలు అధికారులు తమ వంతుగా మరో శిక్ష జోడించకూడదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలో బ్రిటన్ జైళ్ల కమిషనర్‌గా పనిచేసిన అలెగ్జాండర్ పాటర్సన్ ఈ అభిప్రాయానికి ప్రచారం తెచ్చారు: జైలుకు పంపడమే శిక్ష, లోపల ఇంకా శిక్షించడానికి పంపడం లేదన్నది ఆయన మాటల సారం. ఐక్యరాజ్యసమితి 2015లో సవరించి ఆమోదించిన ఖైదీల కనీస ప్రమాణాలు కూడా ఈ పునాది మీదే నిలిచాయి. 27 ఏళ్లు నిర్బంధంలో గడిపిన మనిషి గౌరవార్థం వీటిని నెల్సన్ మండేలా నియమాలు అంటున్నారు. స్వేచ్ఛను హరించడంలోనే బాధ ఉంది కాబట్టి, తప్పనిసరి కారణాలుంటే తప్ప జైలు వ్యవస్థ ఆ బాధను పెంచకూడదని వాటిలోని 3వ నియమం చెబుతుంది. లోపలి జీవితానికీ బయటి జీవితానికీ ఉన్న తేడాలను వీలైనంత తగ్గించాలని 5వ నియమం చెబుతుంది.

రెండో జవాబును చాలామంది కేవలం కసి అనుకుంటారు, అది సరికాదు. నేరం ఎంత ఘోరమైనదో శిక్షలో బాధ అంత ఉండాలన్నది తత్వశాస్త్రంలో పాతుకుపోయిన వాదం. రోజుల లెక్కతోనే బాధను కొలిస్తే, ఇష్టమైన సినిమాలతో, ఆటలతో గడిచిన ఐదేళ్లూ ఏమీ లేకుండా గడిచిన ఐదేళ్లూ ఒకటే అనాల్సి వస్తుంది. కాగితం మీద శిక్షలు సమానమే అయినా అనుభవంలో సమానం కావు. అందుచేత జైలులోని రోజువారీ జీవితం కూడా తీర్పులో భాగమేనని, దానిని సుఖంగా మార్చే అధికారం జైలు సూపరింటెండెంట్‌కు ఎవరూ ఇవ్వలేదని ఈ వాదం చెబుతుంది. ఇందులో బలం ఉంది. కానీ అదే తర్కాన్ని రెండో వైపునుంచి చూస్తే, జైలును తీర్పు కోరినదానికంటే కఠినంగా మార్చే అధికారం కూడా ఎవరికీ లేదనే తేలుతుంది.

అవసరం, హక్కు, ప్రోత్సాహకం, విలాసం

జైల్లో ఖైదీకి అందేవన్నీ ఒకే కోవకు చెందవు. తిండి, నీరు, వైద్యం, నిద్ర అవసరాలు. ఇవి లేకుంటే ప్రాణానికే ముప్పు కాబట్టి వీటిపై పెద్దగా వివాదం లేదు. ఆ తర్వాత వచ్చేవి అంతర్జాతీయ ప్రమాణాలు హక్కుగా గుర్తించినవి. ఆరుబయట పని చేయని ఖైదీకి రోజుకు కనీసం ఒక గంట ఆరుబయట వ్యాయామం ఉండాలని మండేలా నియమాల్లో 23వది, ప్రతి జైల్లోనూ గ్రంథాలయం ఉండాలని 64వది చెబుతాయి. చాలామందికి ఆశ్చర్యం కలిగించేది 105వ నియమం: ఖైదీల శారీరక, మానసిక ఆరోగ్యం కోసం అన్ని జైళ్లలోనూ వినోద, సాంస్కృతిక కార్యక్రమాలు ఏర్పాటు చేయాలని అది నిర్దేశిస్తుంది. అంటే వినోదం మొత్తాన్నీ విలాసాల జాబితాలో పెట్టేయడం కుదరదు. మూడో కోవ ప్రోత్సాహకాలది. మంచి నడవడితో సంపాదించుకుని, తప్పు చేస్తే పోగొట్టుకునే అదనపు సౌకర్యాలివి. ఇలాంటి పద్ధతి ప్రతి జైల్లోనూ ఉండాలని 95వ నియమం కోరుతుంది. ఈ మూడింటిలోనూ ఇమడనిదే అసలు విలాసం: అవసరమూ కాదు, హక్కూ కాదు, నియమం ప్రకారం సంపాదించుకున్నదీ కాదు.

ఈ గీతలు గీయడం చెప్పినంత తేలిక కాదు. 1965లో భారత సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక వ్యవహారం చూడండి. భారత రక్షణ నిబంధనల కింద నిర్బంధంలో ఉన్న ఒక వ్యక్తి అణువు లోపలి ప్రపంచం గురించి మరాఠీలో ఒక విజ్ఞాన గ్రంథం రాశాడు. అచ్చు వేయించడానికి రాతప్రతిని భార్యకు పంపుతానని అనుమతి కోరితే ప్రభుత్వం కాదంది. నిర్బంధితులకు ఏయే వెసులుబాట్లు ఉంటాయో ఉత్తర్వులో రాసి ఉందనీ, పుస్తకం రాసి పంపడం ఆ జాబితాలో లేదనీ వాదించింది. న్యాయమూర్తి కోకా సుబ్బారావు రాసిన తీర్పు ఈ వాదనను తలకిందులు చేసింది. ఆ ఉత్తర్వు ఉన్నది వెసులుబాట్లు దానం చేయడానికి కాదని, ఏయే ఆంక్షలు పెట్టవచ్చో చెప్పడానికని, అందులో లేని ఆంక్షను అధికారులు సొంతంగా పెట్టలేరని కోర్టు తేల్చింది. ఇది మాటల్లో తేడా మాత్రమే అనిపించవచ్చు, కానీ ఫలితం చాలా పెద్దది. మొదటి పద్ధతిలో ఖైదీ ప్రతి చిన్నదానికీ ‘నాకు ఇది ఎందుకివ్వాలి’ అని నిరూపించుకోవాలి. రెండో పద్ధతిలో ‘దీన్ని ఎందుకు ఆపుతున్నాం’ అని ప్రభుత్వం జవాబు చెప్పాలి.

పుస్తకాల విషయంలోనే రెండు దేశాల కోర్టులు రెండు దారులు పట్టాయి. ఇంగ్లండ్‌లో 2013 చివర ఖైదీలకు బయటి నుంచి వచ్చే పార్సిళ్లపై ఆంక్షలు పెట్టారు, వాటితో పాటే పుస్తకాలూ ఆగిపోయాయి. 2014 డిసెంబరులో హైకోర్టు ఆ ఆంక్ష చెల్లదంది. పుస్తకాన్ని ప్రోత్సాహకంగా లెక్కించడమే వింతగా ఉందన్నది న్యాయమూర్తి అభిప్రాయం. దీనికి ఎనిమిదేళ్ల ముందు, 2006లో, అమెరికా సుప్రీంకోర్టు పెన్సిల్వేనియాలోని అత్యంత మొండి ఖైదీల విభాగంలో పత్రికలు, మేగజైన్లు, కుటుంబ సభ్యుల ఫొటోలు కూడా నిలిపివేయడాన్ని సమర్థించింది. అప్పటికే వాళ్ల దగ్గర పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదని, నడవడి మార్చుకోవడానికి ఆ మిగిలిన కాస్తనే ఎరగా వాడుకోవాల్సి వస్తోందని జైలు అధికారులు చెప్పారు. నాకు మాత్రం ఇందులో ఒక అసౌకర్యమైన నిజం కనిపిస్తుంది. ఎంత తక్కువ ఇస్తే, ఆ మిగిలిన కొంచెమే అంత బలమైన ఆయుధమవుతుంది. చివరికి బిడ్డ ఫొటో కూడా ప్రోత్సాహకాల జాబితాలో చేరిపోతుంది.

ఒకే టీవీ, మూడు దారులు

మూడు జైళ్లు ఊహించుకుందాం. మొదటి జైల్లో బ్యారక్ హాలులో టీవీ ఉంది. సాయంత్రం రెండు గంటలు, అందరికీ ఒకే కార్యక్రమం. రెండో జైల్లో ఆరు నెలలు గొడవల్లేకుండా, పనికి సక్రమంగా వెళ్లిన ఖైదీ తన గదికి ఒక టీవీ తెచ్చుకోవచ్చు, తన కూలి డబ్బుల నుంచి దానికి చిన్న అద్దె కట్టాలి, తోటి ఖైదీపై చేయి చేసుకుంటే టీవీ వెళ్లిపోతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1995 నుంచి నడుస్తున్న ప్రోత్సాహకాల పథకం దాదాపుగా ఇలాంటిదే. మూడో జైల్లో ఒక ధనిక ఖైదీ గదిలో టీవీ ఉంది, దాని గురించి ఏ రిజిస్టరులోనూ రాసి లేదు, ఎవరికి ఎంత ముట్టిందో ఎవరూ చెప్పరు.

మూడూ ఒకే కంపెనీ టీవీలు కావచ్చు. ఫొటో తీస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. కానీ మొదటిది అందరికీ అందే సౌకర్యం, రెండోది నియమం ప్రకారం సంపాదించుకున్నది, మూడోది కొనుక్కున్నది. మొదటి రెండూ జైలు క్రమశిక్షణను బలపరిస్తే, మూడోది దాన్ని లోపలి నుంచి తినేస్తుంది. రెండోదానిలోనూ లోపం లేకపోలేదు. మానసిక అనారోగ్యంతో బాధపడే ఖైదీ ఆరు నెలలు ‘గొడవల్లేకుండా’ ఉండలేకపోవచ్చు. పని దొరకని జైల్లో అద్దె కట్టే స్తోమత ఎవరికీ ఉండదు. సంపాదించుకోవడానికి అందరికీ అవకాశం ఉన్నప్పుడే అది ప్రోత్సాహకం అవుతుంది.

బయటి పేదవాడి ప్రశ్న

‘ఏ నేరమూ చేయని మనిషికి లేని టీవీ, దొంగతనం చేసినవాడికి ఎందుకు?’ జైళ్ల గురించి అడిగే ప్రశ్నల్లో ఇంత సూటిగా తగిలేది మరొకటి లేదు. దీని వెనుక ఒక పాత సూత్రం ఉంది. ఇంగ్లండ్‌లో 1834 నాటి పేదల చట్టం, సాయం పొందేవాడి స్థితి కష్టపడి బతికే అతి పేద కూలీ స్థితికంటే తక్కువగానే ఉండాలని నిర్ణయించింది. అదే సూత్రం జైళ్లకూ పాకింది: ఖైదీ జీవితం బయటి అతి పేద నిజాయతీపరుడి జీవితంకంటే మెరుగ్గా ఉండకూడదు. అమెరికా కాంగ్రెస్ 1996లో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) జైళ్ల ఖర్చుపై పెట్టిన ఆంక్షల వెనుక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే. బరువులెత్తే సామగ్రి, బాక్సింగ్ శిక్షణ, విద్యుత్తుతో పనిచేసే సంగీత వాద్యాలు, చివరికి గదిలో కాఫీ కాచుకునే పాత్ర కూడా ప్రజాధనంతో కొనరాదన్నారు.

ఇందులోని న్యాయభావనను తీసిపారేయకూడదు. పన్ను కట్టేవాడికి తన డబ్బు ఎటు పోతోందో అడిగే హక్కుంది. కానీ ఈ సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే ఎక్కడ ఆగాలో తెలియదు. బయట వైద్యం అందనివాళ్లు కోట్లలో ఉన్నారు కాబట్టి లోపల వైద్యం ఆపుదామా? బయట తల దాచుకోవడానికి చోటు లేనివాళ్లున్నారు కాబట్టి జైలు కప్పు తీసేద్దామా? బయటి పేదవాడికీ లోపలి ఖైదీకీ మధ్య ఒక తేడా కూడా ఉంది. బయటివాడు ఎంత పేదవాడైనా పని వెతుక్కోవచ్చు, వైద్యుడి దగ్గరికి నడిచి వెళ్లవచ్చు, సాయం అడగవచ్చు. లోపలివాడి చేతులను ప్రభుత్వమే కట్టింది కాబట్టి, ఆ చేతులు చేసుకోలేని పనుల బాధ్యత కూడా ప్రభుత్వం మీదే పడుతుంది. ఈ తర్కం వైద్యానికి బలంగా, గ్రంథాలయానికి కొంత బలంగా వర్తిస్తుంది. వీడియో గేముకు మాత్రం అంత సులభంగా వర్తించదని ఒప్పుకోవాలి.

వీడియో గేమును అతి కష్టమైన సందర్భంలో చూస్తే

2011 జూలైలో నార్వేలో 77 మందిని చంపిన అండర్స్ బ్రైవిక్, జైలు అధికారులకు రాసిన డిమాండ్ల జాబితాలో ప్లేస్టేషన్ అనే వీడియో గేము పరికరం కొత్తది కావాలని అడిగాడు. 2014లో ఆ వార్త ప్రపంచమంతా పాకింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది టీనేజీ పిల్లలు. ఆ తల్లిదండ్రులు ఈ వార్త ఎలా చదివి ఉంటారో ఆలోచించకుండా ఖైదీల హక్కుల గురించి మాట్లాడటం నాకు సరైనదిగా తోచదు. ఇక్కడ బాధితుల అభ్యంతరం ఖర్చు గురించి కాదు. తమ బిడ్డకు ఇక ఏ ఆటా లేనప్పుడు, చంపినవాడు ఆడుకుంటున్నాడన్న తలంపే వాళ్లకు రెండో గాయం.

అదే వ్యవహారంలో రెండో కోణమూ ఉంది. అతన్ని ఏళ్ల తరబడి ఇతర ఖైదీలకు దూరంగా ఉంచారు. గదులు పెద్దవే, వ్యాయామ పరికరాలూ ఉన్నాయి, లేనిది మనిషి సాంగత్యం. ఆ ఏకాంతం అమానుషమని 2016లో ఓస్లో జిల్లా కోర్టు తీర్పిచ్చింది, 2017లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ఇచ్చిన సౌకర్యాలు ఏకాంతానికి ఎంతవరకు పరిహారమవుతాయన్నది ఆ వాదనల్లో ఒక ముఖ్యాంశం. ఈ కోణంలో చూస్తే ఆట పరికరం బహుమతిగా కాకుండా, ప్రభుత్వం తీసుకున్న మరోదానికి బదులుగా ఇచ్చినదిగా కనిపిస్తుంది. నార్వే కోర్టులే ఒకదానితో ఒకటి విభేదించిన చోట, ఒక్క వాక్యంలో తీర్పు చెప్పేయడం ఎవరికైనా కష్టమే.

కఠినంగా ఉంచితే మళ్లీ రారా?

సౌకర్యాలుంటే జైలంటే భయం పోతుందని, విడుదలైనవాళ్లు మళ్లీ నేరాలు చేస్తారని ఒక వాదం. దీన్ని అభిప్రాయాలతో కాకుండా లెక్కలతో పరీక్షించవచ్చు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, మారికోపా కౌంటీలో 1993లో షెరీఫ్ జో అర్పాయో ఎండలో గుడారాల జైలు పెట్టి, కాఫీ, సిగరెట్లు ఆపి, దాన్ని గర్వంగా చెప్పుకున్నారు. 1998లో ఆయన కార్యాలయమే చేయించిన అధ్యయనంలో, ఆ కాఠిన్యానికి ముందు విడుదలైనవాళ్లకూ తర్వాత విడుదలైనవాళ్లకూ మళ్లీ నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2007లో కీత్ చెన్, జెస్సీ షపీరో అనే ఆర్థికవేత్తలు మరింత పకడ్బందీ పద్ధతి ఎంచుకున్నారు. ఫెడరల్ జైళ్లలో ఖైదీలకు మార్కులు వేసి, ఒక గీత దాటితే కఠినమైన విభాగానికి పంపుతారు. గీతకు ఇటూ అటూ ఒకటి రెండు మార్కుల తేడాతో ఉన్నవాళ్లు దాదాపు ఒకే రకం మనుషులు, వాళ్లు గడిపిన జైలు మాత్రం వేరు. కఠినమైన వైపు వెళ్లినవాళ్లలో మళ్లీ నేరాలు తగ్గలేదు సరికదా, పెరిగాయన్న సూచనలే కనిపించాయి.

ఇక రెండో పక్షం తరచుగా చూపించేది నార్వేను. 2010లో తెరిచిన హాల్డెన్ జైల్లో ఒక్కొక్కరికి సొంత గది, స్నానాల గది, టీవీ ఉన్నాయి, సంగీతం రికార్డు చేసుకునే స్టూడియో కూడా ఉంది. చుట్టూ సుమారు 6 మీటర్ల ఎత్తు గోడ కూడా ఉందన్నది ఫొటోల్లో తక్కువగా కనిపిస్తుంది. నార్వేలో మళ్లీ నేరం చేసేవాళ్లు సుమారు 20 శాతమని, అమెరికాలో 68 శాతమని పోలిక చెబుతుంటారు. ఇక్కడ కొంచెం ఆగాలి. 100 మంది విడుదలయ్యారనుకోండి. మూడేళ్లలో 40 మందిని పోలీసులు మళ్లీ పట్టుకున్నారు, వాళ్లలో 25 మందిపై నేరం రుజువైంది, 15 మంది మళ్లీ జైలుకెళ్లారు. ఒకే 100 మందికి 40, 25, 15 అని మూడు ‘రేట్లు’ వస్తాయి, మూడూ నిజమే. నార్వే 20 శాతం రెండేళ్లలో మళ్లీ శిక్ష పడ్డవాళ్ల లెక్క. అమెరికా 68 శాతం 2005లో 30 రాష్ట్రాల్లో విడుదలై, మూడేళ్లలో మళ్లీ అరెస్టయినవాళ్ల లెక్క. రెండింటినీ పక్కపక్కన పెట్టడం కొలబద్దలు మార్చి పొడవు పోల్చడమే.

నార్వే గురించి గట్టి ఆధారం వేరే ఉంది. యాదృచ్ఛికంగా కఠిన న్యాయమూర్తి ముందుకో మెతక న్యాయమూర్తి ముందుకో వెళ్లినవాళ్లను పోల్చి, 2020లో వెలువడిన ఒక అధ్యయనం, అక్కడ జైలుకెళ్లడం వల్ల ఐదేళ్లలో మళ్లీ నేరం చేసే సంభావ్యత 29 శాతం పాయింట్లు తగ్గిందని తేల్చింది. ఆ మేలు ప్రధానంగా జైలుకు ముందు ఉద్యోగం లేనివాళ్లలో కనిపించింది. అక్కడ వాళ్లు ఉపాధి శిక్షణ పొంది, బయటికొచ్చి పనిలో చేరారు. దీన్నిబట్టి స్టూడియో, టీవీ నేరాలు తగ్గించాయని చెప్పలేం. శిక్షణ పనిచేసిందని చెప్పవచ్చు, సౌకర్యాలు దానికి అడ్డుపడలేదని చెప్పవచ్చు. ఆధారాలు అంతకు మించి పలకవు.

జైలు లోపలి మనుషులకు వినోదం అంటే

కాపలా కాసే సిబ్బందిని అడిగితే ఈ చర్చ రూపమే మారిపోతుంది. చేతినిండా ఖాళీ సమయం, పక్కనే కిక్కిరిసిన మనుషులు, పోగొట్టుకోవడానికి ఏమీ లేకపోవడం, ఈ మూడూ కలిసినచోట గొడవలు పుడతాయి. దెబ్బలు తినేది మొదట వార్డర్లే. ఆటలకు ఉన్న విలువ ఏమిటో రాబెన్ దీవి జైలు చూపింది. వర్ణవివక్ష కాలపు దక్షిణాఫ్రికాలో అక్కడి రాజకీయ ఖైదీలు ఫుట్‌బాల్ ఆడుకోనివ్వమని 1960లలో ఏళ్ల తరబడి అడిగారు. అనుమతి దొరికాక మకానా ఫుట్‌బాల్ సంఘం పెట్టుకున్నారు. జైలు మైదానంలో ఆడే ఆటకు లిఖితపూర్వక నియమావళి, రిఫరీలు, ఫిర్యాదులపై విచారణ అన్నీ ఉండేవి. బయట ఒకరి నీడ ఒకరికి పడని రాజకీయ పక్షాలవాళ్లు ఒకే లీగులో ఆడారు. పదిహేనేళ్ల వయసులో జైలుకొచ్చి ఆ సంఘానికి అధ్యక్షుడైన డిక్‌గాంగ్ మొసెనెకె తర్వాతి కాలంలో దేశ ఉప ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 2007లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఆ సంఘానికి గౌరవ సభ్యత్వం ఇచ్చింది. ఒక బంతి, శనివారాల ఆట, అంతే. జైలు పెద్దలు కోపం వచ్చినప్పుడు ఆపేసింది కూడా ఆ ఆటనే.

కొనుక్కునే సౌకర్యం

విలాసం అన్న మాటకు తిరుగులేని ఉదాహరణ కావాలంటే కొలంబియా వెళ్లాలి. 1991లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని లొంగిపోయిన మాదకద్రవ్యాల ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్, తన కోసం కట్టిన లా కాటెడ్రల్ జైల్లో ఉన్నాడు. ఫుట్‌బాల్ మైదానం, బార్, జకూజీ (వేడినీటి స్నానపు తొట్టి) అన్నీ అందులోనే. కాపలాదారులు కూడా అతను ఒప్పుకున్నవాళ్లే. 1992 జూలైలో వేరే జైలుకు మార్చబోతే నడిచి వెళ్లిపోయాడు. రాబెన్ దీవిలోనూ ఫుట్‌బాలే, ఇక్కడా ఫుట్‌బాలే. మైదానం ఎవరి అధీనంలో ఉందన్నదే రెండింటినీ వేరు చేస్తుంది.

కొన్నిచోట్ల కొనుగోలు చట్టబద్ధమే. కాలిఫోర్నియాలోని కొన్ని నగరాల జైళ్లలో చిన్న నేరాలకు శిక్షపడ్డవాళ్లు రోజుకింత చెల్లించి ప్రశాంతమైన వేరే గదిలో గడపవచ్చు. నియమం రాసి ఉంది, రసీదు కూడా ఇస్తారు, అయినా ఒకే నేరానికి ధనికుడికి ఒక శిక్ష, పేదకు మరో శిక్ష. మంచి ఉద్దేశంతో పెట్టిన పథకాల్లోకి కూడా డబ్బు దూరగలదు. బ్రెజిల్ 2012లో ఫెడరల్ జైళ్లలో ఒక పుస్తకం చదివి సమీక్ష రాస్తే నాలుగు రోజుల శిక్ష తగ్గించే పథకం తెచ్చింది, ఏడాదికి 12 పుస్తకాలు పరిమితి. రుమేనియాలో పుస్తకం రాస్తే ఒక్కోదానికి 30 రోజులు తగ్గించేవారు. అవినీతి కేసుల్లో లోపలికెళ్లిన నాయకులు, వ్యాపారులు అకస్మాత్తుగా గ్రంథకర్తలైపోయారు. ఇతరులతో రాయిస్తున్నారన్న ఆరోపణలు వెల్లువెత్తడంతో 2016లో ఆ వెసులుబాటు ఎత్తేశారు.

ఇంకా తీర్పు రానివాళ్లు, ఇంకా తేలని లెక్కలు

ఇంతవరకు చెప్పినదంతా శిక్షపడ్డవాళ్ల గురించి. ప్రపంచంలోని ఖైదీల్లో దాదాపు మూడింట ఒక వంతు మంది ఇంకా నేరం రుజువుకాని విచారణ ఖైదీలు. ‘శిక్ష బాధగా ఉండాలి’ అన్న వాదం వాళ్లకు అసలు వర్తించదు, ఎందుకంటే వాళ్లకు శిక్షే పడలేదు. పుస్తకాలు, పత్రికలు, రాత సామగ్రి సొంత ఖర్చుతో తెప్పించుకునే వీలు వాళ్లకు ఉండాలని మండేలా నియమాలు అందుకే ప్రత్యేకంగా చెబుతాయి. 1929లో భగత్ సింగ్, జతిన్ దాస్, వారి సహచరులు నిరాహార దీక్షకు దిగినప్పుడు కోరిన వాటిలో చదువుకోవడానికి పుస్తకాలు, పత్రికలు ఉన్నాయి. 63 రోజుల తర్వాత, సెప్టెంబరు 13న, జతిన్ దాస్ ప్రాణం విడిచే నాటికి ఆయన ఇంకా విచారణ ఖైదీయే.

ఇప్పుడు చర్చ ట్యాబ్లెట్ల మీదికి మళ్లింది. 2019లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా జైళ్లలో ఖైదీలకు ట్యాబ్లెట్లు ఉచితంగా ఇచ్చారన్న మాట బయటికొచ్చింది. బయటివాళ్ల కంటికి అది విలాసమే. అయితే అందులో పుస్తకం చదవడానికి నిమిషానికి 5 సెంట్లు, రాయితీ ఉన్నప్పుడు 3 సెంట్లు చొప్పున కట్టాల్సి వచ్చేది. ఆ పుస్తకాలు కాపీరైట్ కాలం తీరిపోయి, బయట ఎవరికైనా ఉచితంగా దొరికేవి. ఆరు గంటల్లో చదివే ఒక నవల తీసుకుంటే 360 నిమిషాలు. రాయితీ ధరకు 10 డాలర్ల 80 సెంట్లు, మామూలు ధరకు 18 డాలర్లు. అక్షరాలు కూడబలుక్కుంటూ రెట్టింపు సమయం తీసుకునే ఖైదీకి అదే నవల 36 డాలర్లు.